రెండెకరాల చేను, చిన్న ఇల్లు, ఇరవై కోళ్లు: లెక్క ఎక్కడ తప్పుతోంది?

కువైట్‌లోనో, రియాద్‌లోనో పదిహేనేళ్లు డ్రైవింగ్ చేసి ఊరికి వచ్చేసినవాళ్లు రాయచోటిలో ఉన్నారు, కడపలో ఉన్నారు, జగిత్యాల, నిజామాబాద్ వైపూ ఉన్నారు. చేతిలో కొంత పొదుపు ఉంటుంది. అబ్బా నుంచి వచ్చిన ఎకరమో రెండెకరాలో పొలం ఉంటుంది. ఇంట్లో మాట్లాడుకునేది దాదాపు ఒకటే: "టౌన్‌లో కిరాయి కట్టేదెందుకు? చేన్లోనే ఇల్లు కట్టుకుందాం. నాటుకోళ్లు పెంచుదాం. గుడ్లమ్మినా ఇల్లు గడిచిపోతుంది."

ఆలోచన మంచిదే. పిల్లలకు గాలి, వెలుతురు, ఇంటి గుడ్డు దొరుకుతాయి. అయితే ఇలా మొదలైన ఇళ్లలో కొన్ని స్లాబు దగ్గర ఆగిపోతున్నాయి, కొన్ని షెడ్లు రెండేళ్లకే ఖాళీ అవుతున్నాయి. కోడి మీద వచ్చే ఆదాయాన్ని ఎక్కువ వేసుకుని, ఇంటికయ్యే ఖర్చును తక్కువ వేసుకోవడమే దీనికి ముఖ్య కారణం. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అని పెద్దలు ఊరికే అనలేదు. ఏది ముందు, ఏది తర్వాత, ఎంతవరకు అన్నది తేల్చుకుని దిగితే ఇదే పొలం ఇంటిని నిలబెడుతుంది.

ముందు హిస్సాలు తేలాలి

ఇల్లు కట్టేది ఎవరి భూమిలో? పునాది తవ్వకముందే ఈ ప్రశ్నకు కాగితం మీద జవాబు ఉండాలి. చాలా కుటుంబాల్లో పాస్‌బుక్ ఇంకా తండ్రి పేరు మీదో, తాత పేరు మీదో ఉంటుంది. ఒక కొడుకు తన సంపాదన పోసి అందులో ఇల్లు కడతాడు. పదేళ్ల తర్వాత పంపకం మాట వచ్చినప్పుడు ఆ ఇల్లున్న తావు ఎవరి వాటాకు వస్తుందో తెలియదు. అన్నదమ్ముల మధ్య మాటలు బంద్ అయ్యేది అక్కడే.

తండ్రి బతికుండగా పిల్లలకు వారసత్వ హిస్సా అంటూ ఏదీ ఉండదు. ఆయన ఇష్టపడి ఒకరికి ఇవ్వాలనుకుంటే హిబా చేయవచ్చు. హిబా నిలబడాలంటే ఇస్తున్నానని చెప్పడం, తీసుకున్నానని ఒప్పుకోవడం, భూమిని నిజంగా స్వాధీనం చేయడం అనే మూడూ జరగాలి. నోటిమాట హిబా చెల్లుతుందని చెప్పుకున్నా, రేపు పాస్‌బుక్‌లో పేరు మారాలన్నా బ్యాంకుకు చూపించాలన్నా రిజిస్టర్ కాగితమే పనికొస్తుంది. తండ్రి చనిపోయి ఉంటే భార్యకు ఎనిమిదో వంతు, మిగిలినదాంట్లో కొడుకుకు రెండు పాళ్లు, కూతురుకు ఒక పాలు అన్నది అందరికీ తెలిసిన పంపకమే. పొలం దగ్గరికి వచ్చేసరికి మాత్రం "ఆడపిల్లలకు పెళ్లి చేశాం కదా" అని ఆ పాలు మరిచిపోతుంటారు. అక్కచెల్లెళ్ల హిస్సా తేల్చకుండా వేసిన పునాది ఎంత లోతు తవ్వినా గట్టిది కాదు. అందరూ కూర్చుని భాగ పరిష్కార పత్రం రాసుకుని, రిజిస్టర్ చేయించి, ఎవరి ముక్కకు వాళ్లు హద్దురాళ్లు పాతుకున్నాకే మేస్త్రీని పిలవాలి.

కొత్తగా భూమి కొని కట్టేవాళ్లకు ఇంకో జాగ్రత్త. ఊళ్లలో వక్ఫ్ భూములు, దర్గా సేవ కోసం ఇచ్చిన ఇనాం భూములు చేతులు మారుతూనే ఉంటాయి. రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఎ నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబరు ఉందో లేదో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో చూసుకోవాలి. ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూముల బదిలీపై 1977 చట్టం ఆంక్షలు ఉన్నాయి. ఈసీ తీయించాలి. ఆంధ్రలో అడంగల్, 1-బి చూడాలి. తెలంగాణలో 2025 ఏప్రిల్ నుంచి ధరణి స్థానంలో భూభారతి వచ్చింది కాబట్టి వివరాలు అందులో సరిచూసుకోవాలి. చెరువు కింద పొలమైతే ఎఫ్‌టీఎల్ హద్దు, దాని చుట్టూ వదలాల్సిన బఫర్ ఎక్కడిదాకా వస్తాయో ఇరిగేషన్ వాళ్లను అడగాలి. నీళ్లు లేని ఏడాది చౌకగా కొన్న ముక్క, నీళ్లొచ్చిన ఏడాది చెరువులో కలుస్తుంది.

సాగుభూమిలో ఇల్లు కట్టాలంటే వ్యవసాయేతర వినియోగం నిబంధనలు, పంచాయతీ అనుమతి ఉంటాయి. ఈ నిబంధనలు రెండు రాష్ట్రాల్లోనూ మారుతూ వస్తున్నాయి. పక్కింటాయన మూడేళ్ల కిందట చేసినట్టు చేస్తే సరిపోతుందనుకోకుండా, తహసీల్దార్ ఆఫీసులో, పంచాయతీ కార్యదర్శి దగ్గర ఇప్పటి పద్ధతి కనుక్కోవాలి. కరెంటు సంగతి కూడా అంతే. సాగు మోటారుకిచ్చిన ఉచిత కరెంటును ఇంటికి గుంజుకోకూడదు. ఇంటికి వేరే మీటరు తీసుకోవాలి. స్తంభం దూరంగా ఉంటే లైను ఖర్చు కూడా పెరుగుతుంది. ఇది చాలామంది బడ్జెట్‌లో రాసుకోని ఖర్చు.

నేల, నీళ్లు చూసి పునాది

ఇంటి తావుకు పొలంలో కాస్త మెరక చూడాలి. వాన పడ్డ మర్నాడు చేన్లో ఒకసారి తిరిగితే నీళ్లు ఎటు పారుతున్నాయో, ఎక్కడ నిలుస్తున్నాయో నేలే చెప్పేస్తుంది.

ఎర్రనేల, గరుసునేల అయితే పునాదికి పెద్ద ఇబ్బంది ఉండదు. నల్లరేగడితోనే తంటా. కర్నూలు, గుంటూరు, ఆదిలాబాద్ ప్రాంతాల రైతులకు ఇది తెలిసిందే: వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది. దాని మీద మామూలు పునాది వేస్తే రెండో వేసవికల్లా గోడలు చీలతాయి. రేగడి పొర పలచగా ఉంటే దాన్ని దాటి గట్టినేల దాకా తవ్వి, మొరంతో నింపి పునాది లేపాలి. లోతుగా ఉంటే అడుగున ఉబ్బెత్తుగా ఉండే కాంక్రీటు పైల్స్ వేసి, వాటి మీద బీము పోయాలి. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఇలాంటి నేలల కోసమే ఈ పద్ధతిని అభివృద్ధి చేసింది. ఇక్కడ మాత్రం ఇంజనీరు సలహా తీసుకోవాలి. ఆ ఫీజు మిగిల్చుకుంటే తర్వాత పగుళ్లు పూడ్చడానికి పెట్టాల్సి వస్తుంది. ఏ నేలైనా ఇంటి చుట్టూ మూడడుగుల మేర బండలు పరచి, స్నానాల నీళ్లు, చూరు నీళ్లు పునాది పక్కన ఇంకకుండా దూరంగా పంపాలి.

నీళ్లు లేని చోట ఇల్లు వద్దు. బోరు వేయాలంటే 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి, నమోదు ఉండాలి. వీలైతే ముందు బోరు వేసి, మే నెలలో కూడా నీళ్లొస్తున్నాయని చూసుకున్నాక ఇంటి పని మొదలుపెట్టడం మేలు. ఎలాగూ ఇటుక గోడకు, స్లాబుకు తడపడానికి నీళ్లు కావాలి. స్లాబు రెండు వారాలు తడి ఆరకుండా ఉండాలి. సెప్టిక్ ట్యాంకు బోరుకు కనీసం 50–60 అడుగుల దూరంలో, పల్లం వైపు ఉండాలి. బోరు పక్కనే ఇంకుడుగుంత తీస్తే వాననీరు మళ్లీ భూమికే పోతుంది.

ఇల్లు ఎంత కట్టాలి?

డబ్బు లెక్క ఇక్కడ మొదలవుతుంది. ఒక కుటుంబం దగ్గర 15 లక్షలు ఉన్నాయనుకుందాం. కట్టుబడి చదరపు అడుగుకు 1,800 రూపాయలు పడుతుందనుకుందాం. ఇది లెక్క కోసం అనుకున్న రేటే. ఊరిని బట్టి, ఇసుక దూరాన్ని బట్టి మారుతుంది. వెయ్యి చదరపు అడుగుల ఇంటికి 18 లక్షలు. అంటే ఇల్లు పూర్తికాకముందే చేతిలో సొమ్ము అయిపోయి, 3 లక్షలకు అప్పు వెతుక్కోవాలి. 600 చదరపు అడుగులైతే 10 లక్షల 80 వేలు. ఇంకా 4 లక్షల 20 వేలు మిగులుతాయి. బోరు, కంచె, కరెంటు లైను, కోళ్ల గూడు, అన్నిటికన్నా ముఖ్యంగా ఒక ఏడాది ఇంటి ఖర్చు ఇందులోంచే రావాలి. జీతం ఆగిపోయిన ఇంటికి ఆ ఏడాది ఖర్చే ప్రాణం.

600 చదరపు అడుగుల్లో రెండు గదులు, వంటిల్లు, బాత్రూము, ముందు వరండా వస్తాయి. మామూలు ఇంటికి చాలు. వచ్చినవాళ్లను వరండాలో కూర్చోబెట్టేట్టు, ఇంట్లో ఆడవాళ్లు పెరటి వైపు హాయిగా తిరిగేట్టు తలుపులు పెట్టుకోవాలి. మన దగ్గర ఖిబ్లా పడమర, కొంచెం వాయవ్యంగా ఉంటుంది. మరుగుదొడ్డి సీటు ఉత్తర దక్షిణాలుగా వస్తుందా అన్నది ప్లాను మీదే చూసుకుంటే తర్వాత పగలగొట్టే పని ఉండదు. రేపు ఇంకో గది కలుపుకోవడానికి ఒక పక్క ఖాళీ వదలాలి. పైన అంతస్తు వేసే ఆలోచన ఉంటే పునాది, స్తంభాలు ఇప్పుడే దానికి తగ్గట్టు ఉండాలి.

చుట్టుపక్కల దొరికే సామాను చౌక. కడప, బేతంచర్ల, తాండూరు వైపు బండలు దగ్గర్లోనే దొరుకుతాయి కాబట్టి టైల్స్ కోసం పరుగెత్తే పని లేదు. కాలికి చల్లగా ఉంటాయి, తరాలు మన్నుతాయి. రాయలసీమ మట్టి మిద్దెల్లో ఎండాకాలం ఎందుకు చల్లగా ఉండేదో నానమ్మలను అడిగితే చెబుతారు: మందం గోడలు, చవుడు పరిచిన కప్పు. ఇప్పుడు అది కట్టడం కష్టమే. కానీ స్లాబు మీద ఏటా తెల్లసున్నం కొట్టడం, పడమర గోడకు నీడ పడేట్టు చెట్టు పెంచడం ఎవరైనా చేయగలిగిన పనులే.

కోళ్ల గూడు ఎక్కడ, ఎలా?

గూడు ఇంటికి మరీ దగ్గరగా ఉంటే వాసన, ఈగలు. మరీ దూరంగా ఉంటే దొంగలు, కుక్కలు. రాత్రి కోళ్లు అరిస్తే పడుకున్నవాళ్లకు వినపడేంత దూరం, 60 నుంచి 100 అడుగులు, సరిపోతుంది. ఎక్కువ నెలలు గాలి ఏ వైపు నుంచి వీస్తుందో చూసి, గూటి గాలి ఇంటి మీదికి రాని పక్కన కట్టాలి.

గూటి పొడవు తూర్పు పడమరలుగా ఉండాలి. అప్పుడు పొద్దుటి ఎండ, సాయంత్రపు ఎండ నేరుగా లోపలికి కొట్టవు. నేల కంటే అడుగు, అడుగున్నర ఎత్తు లేపాలి. పక్కగోడ అడుగున్నర చాలు, పైనంతా జాలీ. జాలీ కళ్లు చిన్నవిగా ఉండాలి. ముంగిస తల పట్టిందంటే ఒళ్లు కూడా పడుతుంది. ఒక్క రాత్రిలో పది కోళ్లను కొరికి పోతుంది. చూరు మూడడుగులు ముందుకు రావాలి, లేకపోతే వానజల్లుకు లోపల వేసిన ఊక తడుస్తుంది. తడి ఊక అంటే సగం రోగాలకు ఇల్లు. రేకుల కప్పు అయితే ఎండాకాలం పైన వరిగడ్డి పరవాలి లేదా సున్నం కొట్టాలి.

పగలంతా బయట తిరిగి రాత్రికి చేరే కోళ్లకు ఒక్కోదానికి ఒకటిన్నర చదరపు అడుగు వేసుకుంటే, 50 కోళ్లకు 8 అడుగుల వెడల్పు, 10 అడుగుల పొడవు గూడు చాలు. లోపల కర్రలు అడ్డంగా కడితే కోళ్లు వాటి మీద ఎక్కి పడుకుంటాయి. గుడ్లు పెట్టడానికి మూలన చీకటిగా, ఊక వేసిన పెట్టెలు ఐదు పెట్టలకు ఒకటి చొప్పున ఉంచాలి. పాత మట్టి బానలు పక్కకు పడుకోబెట్టినా పనికొస్తాయి.

ఏ కోడి తేవాలి?

"నాటుకోడి" అన్న ఒక్క మాటలో చాలా రకాలు కలిసిపోయాయి. అచ్చమైన ఊరి కోడి ఏడాదికి కొన్ని డజన్ల గుడ్లే పెడుతుంది. కానీ తనే పొదుగుతుంది, పిల్లలను కాపాడుకుంటుంది, మాంసానికి మంచి ధర వస్తుంది. అసీల్ ఆంధ్ర సొంత జాతి, కండగల కోడి. గుడ్లు చాలా తక్కువ. మధ్యప్రదేశ్‌లోని ఝాబువా నుంచి వచ్చిన కడక్‌నాథ్‌కు పేరు ఎక్కువ. కొనేవాళ్లు మీ ఊళ్లో ఉన్నారో లేదో చూసుకోకుండా తెచ్చి నష్టపోయినవాళ్లున్నారు.

పెరట్లో పెంచడానికని హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధనా సంస్థ వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి రకాలను తయారుచేసింది. అక్కడి పశువైద్య విశ్వవిద్యాలయం నుంచి రాజశ్రీ వచ్చింది. వనరాజా మాంసానికీ గుడ్లకీ పనికొస్తుంది, పెరట్లో ఏడాదికి వంద పైచిలుకు గుడ్లు పెడుతుంది. గ్రామప్రియ గుడ్ల రకం, బాగా చూసుకుంటే 160 నుంచి 180 దాకా పెడుతుంది. ఇవి రంగుల్లో ఊరి కోళ్లలాగే కనిపిస్తాయి. గుడ్డు పెంకు గోధుమ రంగు.

రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. ఈ మెరుగు రకాలు సాధారణంగా పొదగవు. పిల్లలు కావాలంటే వాటి గుడ్లను ఊరి పెట్ట కింద పెట్టాలి. పది పన్నెండు గుడ్లు పెడితే 21 రోజులకు పిల్లలవుతాయి. రెండోది, ఇవి సంకరం చేసిన రకాలు. వాటి పిల్లలు తల్లుల్లాగా గుడ్లు పెట్టవు. అందుకే గుడ్ల కోసం పెంచేవాళ్లు మళ్లీ కొత్త పిల్లలనే తెచ్చుకోవాలి.

మొదటి ఆరు వారాలు

ఒకరోజు వయసు పిల్లలు తెచ్చిన ఇళ్లలో ఎక్కువ నష్టం మొదటి పది రోజుల్లోనే జరుగుతుంది. చలి, తడి, ఆలస్యంగా అందిన నీళ్లే కారణాలు. పిల్లలు రాకముందే గది సిద్ధంగా ఉండాలి. రెండు మూడు అంగుళాల ఊక, దాని మీద పాత పేపర్లు, చుట్టూ అడుగున్నర ఎత్తు అట్ట లేదా రేకు గుండ్రంగా కట్టాలి. 50 పిల్లలకు 100 వాట్ల పాతరకం బల్బు పెట్టాలి. ఎల్‌ఈడీ పెట్టి వెలుగు చూసి వేడి ఉందనుకోవడం మామూలుగా జరిగే పొరపాటు. అది వెలుగే ఇస్తుంది, పిల్లలకు చాలినంత వేడి ఇవ్వదు. మొదటి వారం 35 డిగ్రీల దాకా వేడి కావాలి, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవచ్చు. థర్మామీటర్ లేకపోయినా పిల్లలే చెబుతాయి. బల్బు కింద ముద్దగా చేరితే చలి, దూరంగా పోయి నోరు తెరిస్తే వేడి ఎక్కువ, అంతటా చెదిరి తింటుంటే సరిగ్గా ఉన్నట్టు. దిగగానే మొదట నీళ్లు, కొంచెం బెల్లం కలిపి. ఆ తర్వాత మేత.

టీకాలు తప్పించకూడదు. మారెక్స్ టీకా హేచరీలోనే మొదటిరోజు వేసి ఉండాలి. అడిగి తెలుసుకోవాలి. కొక్కెర తెగులుకు, అంటే రాణిఖేత్‌కు, 5–7 రోజుల వయసులో లసోటా కంటిచుక్క, రెండు వారాలకు గంబోరో, నాలుగో వారంలో మళ్లీ లసోటా, ఆరేడు వారాలకు మశూచి టీకా, ఎనిమిది తొమ్మిది వారాలకు ఆర్2బి ఇంజెక్షన్. స్థానిక పశువైద్యాధికారి తమ ప్రాంతాన్ని బట్టి ఇందులో మార్పులు చెబుతారు. టీకా సీసా ఐసు డబ్బాలోనే రావాలి. కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. ఒక్కో సీసాలో వంద, అంతకన్నా ఎక్కువ మోతాదులుంటాయి కాబట్టి నాలుగిళ్లవాళ్లు కలిసి ఒకే రోజు వేయించుకుంటే ఖర్చు తగ్గుతుంది, ఊరికీ మంచిది. కొక్కెర వచ్చాక మందు లేదు. టీకా వేయని పక్కింటి కోడి మన కోళ్లకూ ముప్పే.

అసలు లెక్క: ఇరవైకి లాభం, రెండు వందలకు నష్టం

ఇరవై పెట్టలు కావాలంటే యాభై పిల్లలు తేవాలి. ఈ రకాల్లో పుంజు, పెట్ట కలిపే ఇస్తారు. ఐదారు పోతాయనుకుంటే ఇరవై రెండు పెట్టలు, ఇరవై రెండు పుంజులు మిగులుతాయి. పిల్ల 40 రూపాయలు, దాణా కిలో 30, పుంజు బతికున్నది కిలో 300, గుడ్డు 8 రూపాయలు అనుకుందాం. ఎవరి ఊరి ధర వాళ్లు వేసుకుని ఇదే లెక్క మళ్లీ చేసుకోవచ్చు.

పిల్లలకు 2,000. నాలుగు నెలల్లో పుంజు ఐదు కిలోలు, గుడ్డుకు వచ్చేలోగా పెట్ట ఏడు కిలోలు తింటాయనుకుంటే మొత్తం 264 కిలోలు, అంటే 7,920. టీకాలు, ఊక, కరెంటుకు వెయ్యి. మొత్తం 10,920. నాలుగు నెలలకు పుంజు కిలోన్నర తూగితే 22 పుంజులకు 9,900 వస్తుంది. అంటే పుంజులు పెట్టల పెంపకం ఖర్చును దాదాపు మోసేస్తాయి. రంజాన్, సంక్రాంతి ముందు అమ్మేట్టు పిల్లలను తెచ్చుకుంటే ఇంకా మంచిది.

ఐదున్నర, ఆరు నెలలకు పెట్టలు గుడ్డుకు వస్తాయి. ఇరవై పెట్టలు, ఏడాదికి ఒక్కోటి 150 గుడ్లు, మొత్తం 3,000. ధర 24,000. పగలంతా పురుగూ పుట్రా, గడ్డి గింజలు, ఇంటి మిగులు తినే కోడికి పైన 50 గ్రాముల మేత చాలు. నూకలు, తవుడు, మొక్కజొన్న, జొన్న ఏదైనా. రోజుకు కిలో, ఏడాదికి 365 కిలోలు, 10,950. మందులు వగైరా 1,500 తీసేస్తే 11,550 మిగిలింది. నెలకు వెయ్యి రూపాయలు కూడా లేదు. ఇంట్లో పిల్లలు రోజుకు మూడు గుడ్లు తింటే నగదు ఇంకా తగ్గుతుంది. అయితే ఆ గుడ్లు కొనుక్కునే ఖర్చు తప్పింది కదా.

"ఇరవైకి వెయ్యి వస్తే, రెండు వందలకు పదివేలు వస్తుంది" అన్న ఆశ ఇక్కడే పుడుతుంది. లెక్క తప్పేదీ ఇక్కడే. ఇరవై కోళ్లకు సగానికి పైగా మేత పెరడు ఉచితంగా ఇచ్చింది. రెండు వందల కోళ్లకు ఆ పెరడు ఇవ్వలేదు. నెలలోపే చుట్టూ నేల బోడి అవుతుంది, పురుగు దొరకదు. ఇక ఒక్కో కోడికి రోజుకు 110 గ్రాముల దాణా కొని వేయాల్సిందే. రోజుకు 22 కిలోలు, ఏడాదికి 8,030 కిలోలు, 2,40,900 రూపాయలు. గుడ్లు 30,000, ధర 2,40,000. దాణా ఖర్చుకే 900 రూపాయలు తక్కువ పడింది. నిండుగా తినే కోడి 180 గుడ్లు పెట్టిందనుకున్నా 47,100 మిగులుతుంది. కొత్త పిల్లలు, చనిపోయిన కోళ్లు, టీకాలు, పెద్ద షెడ్డు, మనిషి కష్టం అన్నీ అందులోంచే రావాలి.

పైగా రోజుకు ఎనిమిది గుడ్లు వీధిలోనే ఎనిమిది రూపాయల చొప్పున పోతాయి. ఎనభై, వంద గుడ్లు పోవు. వ్యాపారికి వేయాల్సి వస్తే అతను నెక్ ప్రకటించే ఫారం గుడ్డు ధరతో పోల్చి బేరమాడతాడు. లక్షల కోళ్లు పెంచే ఫారాలతో ధరలో పోటీ పడటం చిన్న చేనుకు సాధ్యం కాదు.

అందుకని పెరడు ఎన్ని కోళ్లను మేపగలదో అన్నే పెంచాలి. ఇంటి చుట్టూ గడ్డి పచ్చగా ఉంటే ఇంకో పది కలపొచ్చు, బోడి అయితే పది అమ్మేయాలి. మునగ, బొప్పాయి, సుబాబుల్ చెట్లు, ఒక తొట్టిలో అజొల్లా, ఎరువు గుంత పక్కన పురుగు తేలేట్టు పాత పేడ – ఇవి పెంచిన కొద్దీ పెరటి సత్తువ పెరుగుతుంది. జాతీయ పశుసంపద మిషన్ కింద గ్రామీణ కోళ్ల పెంపకానికి సగం సబ్సిడీ, 25 లక్షల దాకా ఉన్న మాట నిజమే. కానీ అది వెయ్యి తల్లి కోళ్లు, హేచరీ పెట్టేవాళ్లకు. దాన్ని చూసి మొదటి ఏడాదే అప్పుకు దిగడం ఇరవై కోళ్ల ఇంటికి తగదు.

ఎండ, తెగులు, మూడో శత్రువు

ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటితే కోడి నోరు తెరిచి రొప్పుతుంది. కోడికి చెమట పట్టదు. చల్లటి నీళ్లు నీడలో రెండు మూడు చోట్ల పెట్టాలి, మేత తెల్లవారుజామున, సాయంత్రం మాత్రమే వేయాలి, జాలీకి తడి గోనెపట్టాలు కట్టాలి. రెండు మూడు నెలలకోసారి నట్టల మందు తాగించాలి.

2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చి కోళ్లను పూడ్చిపెట్టిన సంగతి అందరూ చూశారు. తెగులు తేలిన చోటు నుంచి కిలోమీటరు లోపల కోళ్లన్నిటినీ చంపేస్తారు, పది కిలోమీటర్ల దాకా నిఘా పెడతారు. పెద్ద ఫారం, పెరటి కోడి తేడా ఉండదు. అందుకే సంతలో కొన్న కోడిని నేరుగా మందలో కలపకుండా రెండు వారాలు విడిగా ఉంచాలి. గూటిలోకి వెళ్లడానికి వేరే చెప్పులు, గుమ్మంలో సున్నం ఉండాలి. ఒకేసారి నాలుగైదు చనిపోతే కోసుకు తినడం, కాలవలో పారేయడం రెండూ తప్పే. లోతుగా గుంత తీసి సున్నం చల్లి పూడ్చి, పశువైద్యశాలకు చెప్పాలి.

మూడో శత్రువు తొందర. కోళ్లు బాగా పెడుతున్న నెలలో షెడ్డు పెంచేయడం, రేట్లు పడ్డ నెలలో అన్నీ తెగనమ్మడం. కోళ్ల సొమ్ముకు ఇంట్లో ఒక చిన్న నోటుబుక్కు పెట్టి, వచ్చింది, పోయింది, ఇంట్లో తిన్నది రాస్తే ఏడాది తిరిగేసరికి నిజం అందులోనే కనపడుతుంది. కోళ్లను చూసేది ఎక్కువగా అమ్మలు, కోడళ్లే. ఆ పుస్తకం, ఆ డబ్బు వాళ్ల చేతిలో ఉంటేనే గూడు నిలుస్తుంది.

ఏ వరసలో చేయాలి?

మొదట హిస్సాలు, కాగితాలు. తర్వాత బోరు, ఒక వేసవి నీళ్ల పరీక్ష. ఆ వేసవిలోనే కంచె, చెట్లు. వానలు తగ్గాక చేతిలో ఉన్న సొమ్ములో ఏడాది ఖర్చు పక్కన పెట్టి, మిగిలిన దాంట్లో పూర్తయ్యేంత ఇల్లు. ఇంట్లో దిగాకే కోళ్లు. కట్టుబడి జరుగుతుండగా ఖాళీ చేన్లో కోళ్లు పెడితే కుక్కలకు, ముంగిసలకు దావత్ ఇచ్చినట్టే. యాభై పిల్లలతో మొదలుపెట్టి, ఏడాది తిరిగాక నోటుబుక్కు చూసి పెంచాలా వద్దా తేల్చుకోవాలి.

గూట్లోంచి వచ్చిన పాత ఊకను పచ్చిగా చెట్లకు వేస్తే వేళ్లు మాడతాయి. మూడు నాలుగు నెలలు మాగబెడితే కూరగాయల మడికి మంచి ఎరువు. వంకాయ, టమాటా, కొత్తిమీర ఇంట్లోనే వస్తాయి. జుమ్మా రోజు ఇంటి పుంజును జబహ్ చేసుకుంటే, మార్కెట్‌లో ఇచ్చే డబ్బు మిగిలింది. గుడ్డు, కూర, ఎరువు, పుంజు అన్నీ కలిపితే చిన్న చేను ఇంటి ఖర్చును తగ్గిస్తుంది. జీతానికి బదులు కాదు. ఈ తేడా తెలిసి దిగిన ఇంట్లో ఇరవై కోళ్లకైనా బరకత్ ఉంటుంది. తెలియకుండా దిగితే రెండు వందలూ దాణాకే చాలవు.